కణాలను కదిలించే వేదిక: ఒక ప్రాజెక్టు డైరీ

రోజు 1

ఎముక మజ్జలోని మూలకణాలను రోజూ కాసేపు సన్నగా కంపింపజేస్తే అవి ఎముక కణాలుగా మారే దారిలో ముందుకెళ్తాయా? ఈ ప్రశ్నతో ఇవాళ నా ప్రాజెక్టు మొదలైంది. కణాలు వచ్చేలోపు కంపన వేదిక నేనే కట్టుకోవాలి. గైడ్ మేడం ఆరు నెలలు ఇచ్చారు. ఏం చేశానో, ఏది పాడైందో ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోమన్నారు. ఈ డైరీ అందుకే.

ఈ టాపిక్ నేనే అడిగి తీసుకున్నాను. మా అమ్మమ్మకు తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచం మీదే ఉంది. విరిగిన ఎముక అతుక్కుంది. కానీ ఏ దెబ్బా తగలని రెండో కాలు కూడా ఆ మూడు నెలల్లో పుల్లలా అయిపోయింది. నడిస్తేనే ఎముక నిలుస్తుందని డాక్టరు చెప్పారు. మరి నడవలేని మనిషి ఏం చేయాలి? ఆ ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

మోసే బరువును బట్టి ఎముక తన ఆకారం మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా దళసరిగా ఉంటుంది. అంతరిక్ష యాత్రికులకు తుంటి లాంటి చోట్ల నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక తరిగిపోతుంది. ఇవన్నీ పెద్ద బరువులకు సంబంధించినవి. నన్ను పట్టేసింది చాలా చిన్న బరువు. 2001లో క్లింటన్ రూబిన్ బృందం గొర్రెల వెనక కాళ్లను కంపించే పలక మీద నిలబెట్టింది. సెకనుకు 30 కంపనాలు, బలం 0.3 జి, అంటే భూమి గురుత్వ త్వరణంలో మూడో వంతు కూడా లేదు. రోజుకు 20 నిమిషాలు, వారానికి 5 రోజులు, ఏడాది పాటు. చివరికి తొడ ఎముక పైభాగంలో స్పాంజిలా ఉండే లోపలి ఎముక సాంద్రత మిగతా గొర్రెల కంటే 34 శాతం ఎక్కువగా ఉంది. ఆ కంపనం వల్ల ఎముకలో వచ్చే సాగుదల, పరిగెత్తినప్పుడు వచ్చేదానిలో వందో వంతు కూడా కాదు. అంత చిన్న కదలికను ఎముక ఎలా పట్టుకుంటోంది?

రోజు 3

ఇవాళంతా కాగితం మీద లెక్కలే. త్వరణం కావాలంటే ఫ్రీక్వెన్సీని 2π తో గుణించి, వర్గం చేసి, కదలిక దూరంతో గుణించాలి. ఇది కళ్లకు కనబడేలా పట్టిక వేసుకున్నాను.

30 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 30 కంపనాల దగ్గర, 0.3 జి రావాలంటే పలక మధ్య నుంచి పైకి 83 మైక్రాన్లు, కిందికి 83 మైక్రాన్లు కదలాలి. దాదాపు ఒక వెంట్రుక మందం. అదే 0.3 జి 90 హెర్ట్జ్ దగ్గర కావాలంటే 9 మైక్రాన్లు చాలు. ఫ్రీక్వెన్సీ మూడింతలైతే కదలిక తొమ్మిదో వంతుకు పడిపోతుంది. గ్లాస్గోలో మాథ్యూ డాల్బీ, స్టువర్ట్ రీడ్ బృందాలు చేసే ‘నానోకికింగ్’ పద్ధతిలో 1000 హెర్ట్జ్ వాడతారు. అక్కడ కదలిక 30 నానోమీటర్లే. లెక్కగడితే అది కూడా 0.12 జి దాకా వస్తుంది. దూరం చూస్తే ఒకదానికొకటి పోలికే లేదు. త్వరణం చూస్తే మాత్రం అన్నీ ఒకే వీధిలో ఉన్నాయి. ఈ సంగతి నేను ఇంతకుముందు గమనించలేదు.

ఒక జాగ్రత్త ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. పేపర్లలో ‘0.3 జి’ అని ఉంటే అది మధ్య నుంచి శిఖరానికా, శిఖరం నుంచి లోయకా, అల మొత్తానికి ఒక రకం సగటైన ఆర్‌ఎంఎస్ విలువా అన్నది చూడాలి. ఆర్‌ఎంఎస్ 0.3 అంటే శిఖరం 0.42. ఇది తేల్చుకోకుండా ఇద్దరి ఫలితాలను పక్కపక్కన పెట్టడం తప్పు. నా డైరీలో ఎక్కడ రాసినా శిఖరం విలువే.

నేను తీసుకున్నది: 90 హెర్ట్జ్, 0.3 జి, 20 నిమిషాలు, నిలువు కదలిక.

రోజు 8

వేదిక మొదటి రూపం సిద్ధం. ఒక ఊఫర్ స్పీకర్, దాని కోన్ మధ్యలో అతికించిన ప్లాస్టిక్ గొట్టం, గొట్టం పైన 5 మిల్లీమీటర్ల యాక్రిలిక్ పలక. ల్యాప్‌టాప్ నుంచి సైన్ వేవ్, చిన్న యాంప్లిఫైయర్ ద్వారా స్పీకర్‌కు. పలక మీద త్వరణం కొలిచే ఎంపీయూ-6050 సెన్సార్, దాన్ని చదవడానికి ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. ఆన్ చేస్తే సన్నగా రొద. పలక మీద వేలు పెడితే జలదరింపులా తగిలింది. సంతోషంగా ఇంటికెళ్లాను.

రోజు 11

రెండు రోజులు టెన్షన్‌తో గడిచాయి. ల్యాప్‌టాప్‌లో 90 హెర్ట్జ్ పెట్టాను. సెన్సార్ గ్రాఫులో మాత్రం సెకనుకు 10 సార్లే ఊగుతున్న నెమ్మది అల. స్పీకర్ పోయిందనుకున్నాను. యాంప్లిఫైయర్ మార్చాను. వైర్లు మళ్లీ సోల్డర్ చేశాను. అదే 10.

తప్పు నా కోడ్‌లో ఉంది. సెన్సార్‌ను సెకనుకు 100 సార్లే చదువుతున్నాను. 90 సార్లు ఊగే దాన్ని 100 సార్లు చూస్తే కంటికి మిగిలేది ఆ రెండింటి తేడా, 10. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుందే, అదే మాయ. చదివే వేగం 1000కి పెంచగానే 90 నిటారుగా కనబడింది. ఇది తెలియకుండా అల ఎత్తు ఒక్కటే చూసి ముందుకెళ్లి ఉంటే ఫ్రీక్వెన్సీ ఎంతో నాకే తెలియని ప్రయోగం చేసేవాణ్ని.

రోజు 12

సెన్సార్ చెప్పేది నిజమా కాదా రెండు దారుల్లో చూశాను. మొదటిది సులువు. సెన్సార్‌ను వెల్లకిలా పెట్టి ఒకసారి, బోర్లా పెట్టి ఒకసారి చదివాను. రెండు రీడింగుల మధ్య తేడా సరిగ్గా 2 జి ఉండాలి. 1.96 వచ్చింది, సవరించాను.

రెండోది నాకు ఎక్కువ నచ్చింది. పలక అంచున తెల్ల రంగు చుక్క పెట్టి, పక్క నుంచి చిన్న యూఎస్‌బీ మైక్రోస్కోపుతో చూశాను. పలక ఆగి ఉంటే చుక్క. కంపిస్తే చుక్క సాగి గీత అవుతుంది. ఆ గీత ఎంత సాగిందో అదే కదలిక. 30 హెర్ట్జ్, 0.3 జి దగ్గర లెక్క ప్రకారం 166 మైక్రాన్లు రావాలి. స్కేలు పెట్టి చూస్తే 160కి 170కి మధ్య ఉంది. కాగితం మీది లెక్క, సెన్సార్, కంటికి కనిపించిన గీత మూడూ కలిశాయి. 90 హెర్ట్జ్ దగ్గర గీత 18 మైక్రాన్లే కాబట్టి ఈ మైక్రోస్కోపుకు అందదు. అక్కడ సెన్సార్‌నే నమ్మాలి.

రోజు 17

ఇన్నాళ్లూ పలక మధ్యలోనే కొలిచాను. ఇవాళ సెన్సార్‌ను నాలుగు మూలలకూ జరిపి చూశాను. మధ్యలో 0.3 ఉంటే ఒక మూల 0.47, దాని ఎదుటి మూల 0.21. పైగా పక్కవాటు కదలిక కూడా ఉంది. పలక పైకీ కిందికీ లేవడం మానేసి తక్కెడలా ఊగుతోంది, దానికి తోడు యాక్రిలిక్ వంగుతోంది. ఈ పలక మీద కణాలు పెంచే ఆరు గుంతల ప్లేటు పెడితే ఆరు గుంతలకూ ఆరు రకాల కంపనం అందుతుంది. అన్నిటినీ కలిపి సగటు తీస్తే ఆ సగటుకు అర్థమే లేదు.

వర్క్‌షాప్‌లో లేత్ మీద పనిచేసే అన్నను అడిగాను. ఆయన ఒక్క చూపులో పట్టేశాడు. “ఒంటి కాలి మీద నిలబెట్టావు తమ్ముడూ, ఊగక ఏం చేస్తుంది? పక్కకు పోకుండా పట్టుకునేది ఏదైనా ఉండాలి” అన్నాడు. గొట్టాన్ని పైనా కిందా రెండు చోట్ల పలచని స్టీలు పట్టీలతో ఫ్రేముకు బిగించాలని చెప్పాడు. పట్టీ నిలువుగా వంగుతుంది, పక్కలకు వంగదు. యాక్రిలిక్ తీసేసి అల్యూమినియం పలక వేయమన్నాడు. ఆ మాటకు ఇంకో కారణం కూడా తోడైంది. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచిన చోట యాక్రిలిక్ మీద సాలెగూడులా సన్నని పగుళ్లు వచ్చాయి. కణాల ల్యాబులో ఆల్కహాల్ తుడవకుండా రోజు గడవదు, కాబట్టి యాక్రిలిక్ ఎలాగూ పనికిరాదు.

రోజు 24

కొత్త వేదిక. నాలుగు మూలలూ 0.29 నుంచి 0.31 మధ్య. పక్కవాటు కదలిక నిలువు కదలికలో ఇరవయ్యో వంతు. అన్నకు చూపిస్తే గ్రాఫు కంటే ముందు పట్టీ బిగింపు తడిమి చూశాడు.

రోజు 29

వేదికను మొదటిసారి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. 37 డిగ్రీలు, గాలి నిండా తేమ. బయట బుద్ధిగా పనిచేసింది లోపల రెండు రోజుల్లో మారిపోయింది. 0.3 ఉండాల్సింది 0.22కి పడింది. స్పీకర్ కోన్ కాగితంతో చేసింది, తేమ పీల్చి మెత్తబడింది. ప్లాస్టిక్ కోన్ ఉన్న స్పీకర్ వేశాక నిలకడగా ఉంది. స్టీలు పట్టీల మీద తుప్పు చుక్కలు కూడా కనిపించాయి, స్టెయిన్‌లెస్ పట్టీలకు మారాను.

అసలు సమస్య వేడి. స్పీకర్ కాయిల్‌లోకి వెళ్లే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే బయటికొస్తుంది. 20 నిమిషాల తర్వాత పలక మీద 38.4 డిగ్రీలు. పోల్చడానికి పెట్టిన, కంపించని డమ్మీ పలక మీద 37. ఒకటిన్నర డిగ్రీ తేడా కణాలకు చిన్న విషయం కాదు. వేడెక్కిన గుంతల్లో కణాలు పెరిగే ద్రవం (మీడియం) త్వరగా ఆవిరై ఉప్పు సాంద్రత కూడా పెరుగుతుంది. ఇదే పట్టించుకోకుండా ప్రయోగం చేసి ఉంటే, వేడి చేసిన పనిని కంపనం ఖాతాలో వేసేవాణ్ని. స్పీకర్‌ను కింది అరలోకి దించి, పొడవాటి గొట్టంతో పై అరలో పలకను మోయించాను. మధ్యలో గొట్టానికి వేడి పాకని ప్లాస్టిక్ ముక్క ఒకటి. ఇప్పుడు తేడా 0.2 డిగ్రీలే.

రోజు 33

డమ్మీ పలక మీద కూడా సెన్సార్ పెట్టి చూద్దామని సీనియర్ అక్క అంది. పెట్టాను. కదలకుండా ఉండాల్సిన చోట 90 హెర్ట్జ్ శుభ్రంగా కనిపించింది, 0.03 జి. అర ఇనుపది, వేదిక వణుకును మోసుకెళ్లి పక్కవాళ్లకు పంచుతోంది. దాని మీద ఇంక్యుబేటర్ ఫ్యాన్ వణుకు అదనం. అతి చిన్న కంపనాలకే కణాలు స్పందిస్తాయా అని అడుగుతూ, పోల్చి చూసే కణాలకు పదో వంతు డోసు ఇస్తున్నానన్నమాట. డమ్మీని వేరే అరకు మార్చి, కింద మెత్తని రబ్బరు దిమ్మలు పెట్టాను. 90 హెర్ట్జ్ కనబడకుండా పోయింది. ఫ్యాన్ వణుకు మిగిలింది, అది రెండు పలకలకూ ఒకటే.

అక్కకు నా తరఫున వేయి దండాలు.

రోజు 36

కణాలు వచ్చాయి. మనిషి మజ్జ నుంచి తీసి అమ్మే మెసెన్‌కైమల్ మూలకణాలు, మూడో తరం. మైక్రోస్కోపులో పొడవుగా, కండె ఆకారంలో, ఒకదాని పక్కన ఒకటి వాలి ఉన్నాయి. వీటిని మొదట వేరుచేసి చూసినవాడు అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్. ప్లాస్టిక్‌కు అంటుకుని గుంపులుగా పెరిగే ఈ మజ్జ కణాలు ఎముకను పుట్టించగలవని 1960లలో, 1970లలో చూపించాడు. ‘మెసెన్‌కైమల్ మూలకణాలు’ అన్న పేరు 1991లో ఆర్నాల్డ్ కాప్లాన్ వాడుకలోకి తెచ్చాడు.

ఈ కణానికి ముందు కొన్ని దారులు ఉంటాయి. ఎముక, మృదులాస్థి, కొవ్వు. రన్‌ఎక్స్‌2 అనే ప్రోటీన్ ఎక్కువైతే ఎముక వైపు, పీపార్-గామా ఎక్కువైతే కొవ్వు వైపు. వయసు మీద పడుతున్నకొద్దీ మజ్జలో కొవ్వు పాలు పెరుగుతుంది. రూబిన్ బృందమే 2007లో ఎలుకలతో ఇంకో ఫలితం చూపింది. రోజుకు 15 నిమిషాలు 90 హెర్ట్జ్, 0.2 జి కంపనం ఇస్తే 15 వారాల్లో వాటి ఒంట్లో కొవ్వు 27 శాతం తక్కువగా ఉంది. అంటే కంపనం, ఇప్పటికే ఉన్న ఎముక కణాల చేత పని చేయించడంతో ఆగడం లేదు. ఇంకా ఏ దారీ పట్టని కణం ఎటు పోవాలన్న నిర్ణయంలోనే వేలు పెడుతోందేమో. నాకు ఈ ప్రాజెక్టులో గుండె ఇదే.

రోజు 38

మొదటి బ్యాచ్ మొదలు. నాలుగు గుంపులు. మామూలు మీడియం, ఎముక మీడియం, ఒక్కోదానికీ కంపనంతో ఒకటి, డమ్మీతో ఒకటి. ఎముక మీడియం అంటే మామూలు మీడియంలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, విటమిన్ సి, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కలిపినది. ఈ మూడూ కలిస్తే కణాలు కంపనం లేకుండానే ఎముక దారి పడతాయి. అందుకే మామూలు మీడియం గుంపులు తప్పనిసరి. డమ్మీ ప్లేటును కూడా అదే సమయానికి బయటికి తీయడం, అదే సమయానికి లోపల పెట్టడం. చేతి కుదుపులు కూడా సమానంగా ఉండాలి కదా.

రోజు 45

బ్యాచ్ మొదలైన ఏడో రోజు రంగు పరీక్ష. ఎముక దారిలో మొదట పెరిగే ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. అది ఉన్నచోట ఊదా రంగు వస్తుంది. కంపనం ఇచ్చిన ఎముక మీడియం గుంతల్లో రంగు డమ్మీ కంటే చిక్కగా ఉంది! అక్కను కేకేసి పిలిచాను.

అక్క ప్లేటును లైటు కింద పెట్టి చాలాసేపు చూసింది. “రంగు అంతటా లేదు, చూడు” అంది. నిజమే. రంగు గుంత అంతా పరుచుకోలేదు. నీటిలో రాయి వేస్తే వచ్చే వలయాల్లా, ఒకదాని లోపల ఒకటిగా ఉంది. డమ్మీ గుంతల్లో అలాంటి వలయాలు లేవు. పలక మొత్తం ఒకేలా కదులుతోందని నాలుగు మూలలా కొలిచాను. మరి ఒకే గుంతలో ఒక చోట కణాలకూ పక్క చోట కణాలకూ తేడా ఎందుకు?

రోజు 46

ఖాళీ ప్లేటులో అంతే ఎత్తున మీడియం పోసి, గది దీపం మీడియం మీద ప్రతిబింబించేలా పెట్టి కంపింపజేశాను. దీపం ప్రతిబింబం వలయాలుగా విడిపోయింది. గుంత గోడకు మీడియం అంటుకున్న అంచు నుంచి చిన్న అలలు లోపలికి వస్తున్నాయి. బలం ఇంకా పెంచితే వలయాలు పోయి గళ్లు గళ్లుగా కొత్త ఆకారం వచ్చింది. ఈ గళ్ల అలల గురించి మైకేల్ ఫారడే 1831లోనే రాశాడు. నిలువుగా కంపించే ద్రవం ఒక హద్దు దాటాక, ఇచ్చిన ఫ్రీక్వెన్సీలో సగంతో తనంతట తాను అలలు లేపుతుంది.

అలలు ఉన్నాయంటే మీడియం కణాల మీద అటూ ఇటూ రాసుకుంటూ పోతోందని అర్థం. ద్రవం రాపిడికి ఎముక కణాలు స్పందిస్తాయన్నది ఎప్పటి నుంచో తెలిసిన విషయం. ఎముక లోపల సన్నని కాలువల్లో ద్రవం కదలడమే అక్కడి కణాలకు బరువు కబురు చేరవేస్తుంది. కాబట్టి నా గుంతల్లో కణం దేనికి స్పందించింది? త్వరణానికా, రాపిడికా? నిన్నటి చిక్కని రంగును ఏ ఖాతాలో వేయను?

ఇన్ని రోజులు ‘కంపనం’ అని ఒకే మాట వాడుతూ వచ్చాను. కణం వైపు నుంచి చూస్తే అది ఒకటి కాదు. పలక త్వరణం, మీడియం రాపిడి, కాయిల్ వేడి, ఆవిరి, చేతి కుదుపు అన్నీ కలిసి అందుతున్నాయి. వేడినీ కుదుపునూ వేరు చేశాను. రాపిడి మిగిలింది. మేడంకు చెప్తే, “బ్యాచ్ పోయిందని బాధపడకు, ఇప్పుడే నీ ప్రశ్న తయారైంది” అన్నారు. బ్యాచ్‌ను పక్కన పెట్టేశాం. ఫలితాల్లో లెక్క వేయను.

రోజు 49

అసలు బ్యాచ్ మిగిలినా పనికొచ్చేది కాదు. వైర్లు లోపలికి వెళ్లే రంధ్రం దగ్గర నీటి చుక్కలు చేరి, 21వ రోజు కోసం ఉంచిన ప్లేటులో రెండు గుంతల్లో బూజు పట్టింది. ఇంక్యుబేటర్ మొత్తం కడిగాం. రంధ్రానికి సిలికాన్ బిరడా పెట్టాను. దీని గురించి ఇంకేమీ రాయను.

రోజు 53

రాపిడి లేకుండా త్వరణం ఒక్కటే ఇవ్వాలంటే ఎలా? రెండు రోజులు ఆలోచించాక జవాబు చాలా సాదాగా వచ్చింది. గాలి లేకుండా చేయాలి. అంచుదాకా నింపి మూత బిగించిన గట్టి పాత్ర ఊగకుండా తిన్నగా పైకీ కిందికీ కదిలితే, లోపలి ద్రవం పాత్రతో పాటే కదులుతుంది. అది పోవడానికి వేరే చోటు లేదు. సగం నిండిన బిందె మోస్తే నీళ్లు తొణుకుతాయి, నిండు కుండ తొణకదు అన్న సామెత ఇక్కడ భౌతికశాస్త్రం అయింది. కానీ పాత్ర ఊగకూడదు. వర్క్‌షాప్ అన్న వేయించిన పట్టీలు లేకపోతే ఈ ఆలోచనే కుదిరేది కాదు.

గుంతల ప్లేటు వదిలేసి మూత ఉన్న చిన్న కల్చర్ ఫ్లాస్కులకు మారాను. మెరిసే అభ్రకం పొడి కలిపిన నీళ్లతో పరీక్షించాను. సగం నింపిన ఫ్లాస్కులో పొడి సుడులు తిరిగింది. నిండా నింపిన దాంట్లో ఎక్కడిది అక్కడే ఉంది. బఠాణీ గింజంత గాలి బుడగ ఒకటి వదిలేస్తే ఆ బుడగ చుట్టూ మళ్లీ సుడులు. కాబట్టి ఒక్క బుడగ కూడా ఉండకూడదు.

దీనికి మూల్యం ఉంది. మామూలుగా 5 మిల్లీలీటర్లు పోసే ఫ్లాస్కుకు దాదాపు పది రెట్లు కావాలి. అంత ఎముక మీడియం రోజూ పారబోయలేను. అందుకని కణాల మీది మీడియం తీసి శుభ్రమైన ట్యూబులో దాచి, ఆమ్లత మారకుండా చూసే హెపెస్ బఫర్ కలిపిన వెచ్చని సాదా మీడియంతో నింపి, 20 నిమిషాలు కంపింపజేసి, తిరిగి పాత మీడియం పోయాలి. డమ్మీ ఫ్లాస్కులకూ అంతే. రోజుకు రెండు విడతలు, మధ్యలో మూడు గంటల విరామం ఇవ్వాలని అనుకున్నాను. విరామం తర్వాత మూలకణం రెండో విడతకు ఇంకా బాగా స్పందిస్తుందని జానెట్ రూబిన్ బృందం చూపింది. కానీ ఇన్నిసార్లు మూత తీస్తే బూజు ఖాయం. ఒక్క విడతకే ఆగాను.

రోజు 57

నిండు ఫ్లాస్కుల బరువుకు వేదికను మళ్లీ సరిచేశాను. బరువు పెరిగేసరికి అదే వాల్యూమ్‌కు త్వరణం తగ్గింది. ఇకపై ఎన్ని ఫ్లాస్కులు పెట్టినా ప్రతి విడతకు ముందు, తర్వాత రీడింగు రాయాలి.

సాయంత్రం ఒక పేపర్ చదివాను. ద్రవం రాపిడి లేకపోతే, పలక సాగకపోతే, కణానికి ఊరికే త్వరణం ఎలా తెలుస్తుందన్నది అందులోని ప్రశ్న. గునేష్ ఉజెర్, జానెట్ రూబిన్ తదితరులు 2015లో ఇచ్చిన వివరణ నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. కణంలో అన్నిటికంటే పెద్ద గట్టి ముద్ద కేంద్రకం. కణం కదిలితే కేంద్రకం జడత్వం వల్ల కాస్త వెనకబడుతుంది. కేంద్రకాన్ని కణం అస్థిపంజరానికి, అంటే కణానికి లోపలి నుంచి ఆకారం ఇచ్చే పోగులకు, కట్టి ఉంచే తాళ్లు ఉన్నాయి, నెస్ప్రిన్, సన్ అనే ప్రోటీన్ల జంట. దాన్ని లింక్ కాంప్లెక్స్ అంటారు. ఆ తాళ్లను తెంపేస్తే కణం కంపనానికి స్పందించడం మానేసింది. కానీ కణం అంటుకున్న కింది పొరను సాగదీస్తే మాత్రం యథాప్రకారం స్పందించింది. అంటే సాగుదలను కణం తన అంచుల్లో పట్టుకుంటోంది, కంపనాన్ని తన నడిబొడ్డున పట్టుకుంటోంది. కదులుతున్న బస్సులో సీటు పట్టుకున్న చేతికి తెలిసేది ఒకటి, కడుపులో తిప్పినట్టు తెలిసేది ఇంకొకటి. అలాంటిదేదో అనిపించింది.

నా నిండు ఫ్లాస్కులు సరిగ్గా ఈ రెండోదాన్నే అడుగుతాయి.

రోజు 60

రెండో బ్యాచ్ మొదలు. ఇంట్లో ఈ సంగతి చెప్తే, బజార్లో దొరికే వైబ్రేషన్ ప్లేటు అమ్మమ్మకు కొందామా అని అమ్మ అడిగింది. వద్దని గట్టిగా చెప్పాను. వ్యాయామం కోసం అమ్మే వాటిలో చాలావాటి బలం 1 జి దాటి ఎన్నో రెట్లు ఉంటుంది. మేం ల్యాబులో మాట్లాడుకునేది అది కాదు. ఎక్కువ కంపనం ఒంటికి చేటు అన్నది భారీ వాహనాల డ్రైవర్ల నడుం నొప్పుల్లోనే ఉంది. తక్కువ బలం కంపనం మనుషుల్లో పనిచేస్తుందా అన్నదీ తేలలేదు. 2004లో సెరిబ్రల్ పాల్సీ లాంటి కదలిక లోపాలున్న 20 మంది పిల్లల మీద ఆరు నెలలు పరీక్షించారు. కంపించే పలక మీద నిలబడ్డ పిల్లల కాలి ఎముక సాంద్రత పెరిగింది, కంపించని పలక మీద నిలబడ్డ వారిలో తగ్గింది. 2011లో 202 మంది నెలసరి ఆగిన ఆరోగ్యవంతులైన మహిళల మీద ఏడాది పాటు, సరిగ్గా నేను వాడుతున్న 90 హెర్ట్జ్, 0.3 జి తోనే చేశారు. 30 హెర్ట్జ్‌తోనూ చేశారు. ఎముక సాంద్రతలో తేడా రాలేదు. అమ్మమ్మకు ఇప్పటికి చేయి పట్టుకుని పది అడుగులు వేయించడమే మందు.

రోజు 67

ఏడో రోజు కొలత. ఈసారి రంగు చూసి సంతోషపడే పద్ధతి కాదు. కణాలను కరిగించి ఎంజైమ్‌ను పసుపు రంగు పరీక్షతో 405 నానోమీటర్ల దగ్గర కొలిచి, ఆ అంకెను అదే ఫ్లాస్కులోని డీఎన్ఏతో భాగించాను. కణాలు ఎక్కువ ఉన్నందుకు ఎంజైమ్ ఎక్కువ కనబడటం, ఒక్కో కణం ఎక్కువ చేయడం వేర్వేరు కదా.

ఎముక మీడియంలో మూడు జతలకు మూడింటిలోనూ కంపనం ఇచ్చిన ఫ్లాస్కుదే పైచేయి. తేడా పెద్దది కాదు. మామూలు మీడియంలో ఏ తేడా లేదు. అంటే కనీసం నా చేతుల్లో, కంపనం దానంతట అది కణాన్ని ఎముక దారికి లాగలేదు. ఆ దారి పట్టిన కణాన్ని కాస్త ముందుకు తోసింది. మొదటి బ్యాచ్‌లో కంటికి కనిపించిన తేడా దీనికంటే చాలా ఎక్కువ. ఆ ఎక్కువలో ఎంతో కొంత రాపిడిదే అయి ఉండాలి.

రోజు 81

ఇరవై ఒకటో రోజు. కాల్షియం పేరుకున్న చోట ఎర్రగా పట్టే అలిజరిన్ రంగు. రంగు పీహెచ్ 4.2 దగ్గర ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను, అది తప్పితే మీడియం మరకలన్నీ ఎర్రబడతాయి. ఎర్రటి గుళికలు ఎముక మీడియం ఫ్లాస్కులన్నిటిలోనూ ఉన్నాయి. వలయాలు లేవు. ఎక్కడ చూసినా ఒకేలా చెల్లాచెదురుగా ఉన్నాయి. అది చూసి నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను, ద్రవం నిజంగానే కదలలేదు.

కానీ కంపనం గుంపు, డమ్మీ గుంపు అంకెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక జతలో కంపనం ఎక్కువ, ఒక జతలో డమ్మీ ఎక్కువ, మూడోది సమానం. ఏడో రోజున ముందున్న కణాలను ఇరవై ఒకటో రోజుకు మిగతావి అందుకున్నాయా? లేక డెక్సామెథసోన్ తోపు ముందు నా 20 నిమిషాల తోపు మునిగిపోయిందా? రెండోదే నిజమని నాకు అనిపిస్తోంది. ఎముక మీడియం డోసు చాలా బలమైనది. దాని కింద చిన్న శబ్దం వినబడాలంటే ముందు ఆ పెద్ద శబ్దాన్ని తగ్గించాలి.

రోజు 84

మేడంతో కూర్చుని మూడో బ్యాచ్ రాసుకున్నాం. డెక్సామెథసోన్ పదో వంతుకు తగ్గిస్తాం. 7, 14, 21 మూడు రోజుల్లోనూ కొలుస్తాం, ఎక్కడ ముందుకెళ్లి ఎక్కడ కలుస్తున్నాయో చూడాలి. సగం నింపిన ఫ్లాస్కుల గుంపు ఒకటి కావాలనే పెడతాం, రాపిడి వాటా ఎంతో అప్పుడు తేలుతుంది. కొవ్వు మీడియంలో ఒక గుంపు కూడా ఉంటుంది, కంపనం ఆ దారిని అడ్డుకుంటుందో లేదో చూడటానికి.

ఇంకొకటి అక్క అడిగింది. “కొలిచేటప్పుడు ఏ ఫ్లాస్కు ఏదో నీకు తెలుస్తోంది కదా?” తెలుస్తోంది. రెండో బ్యాచ్‌లో మూడు జతలూ కంపనం వైపు మొగ్గినప్పుడు నా చేయి కూడా అటే మొగ్గిందేమోనన్న అనుమానాన్ని ఆ ప్రశ్న తర్వాత తుడిచేయలేకపోయాను.

రేపు పొద్దున 24 ఫ్లాస్కులు ఇంక్యుబేటర్‌లోకి వెళ్తాయి. రోజూ విడత నడిపేది నేనే. కొలతకు ముందు పాత లేబుళ్లు పీకి కొత్త అంకెలు వేసేది అక్క. ఏ అంకె ఏ గుంపుదో ఉన్న కాగితం మేడం డ్రాయర్‌లో, తాళం ఆవిడ దగ్గర. వేదిక రీడింగు ఇవాళ రాత్రి 9 గంటలకు: 90 హెర్ట్జ్, 0.30 జి, నాలుగు మూలలా.